దిష్టిబొమ్మ పడుకున్నాక వచ్చే పేర్లు

1994 ఆగస్టు చివరివారంలో లైబ్రరీ కార్డు వెనక నేను రాసుకున్న పనులు ఇవి:

టీవీ స్టేషన్‌కు మళ్ళీ ఫోన్ చేయాలి.
మా క్యాసెట్ అటక మీద ఉందేమో నాన్నను అడగాలి.
లైబ్రరీ నోటీసు బోర్డు మీద కాగితం అంటించాలి.
1979 అక్టోబరు పేపర్లు తీయించాలి.
చర్చిలో పిరోగీ కుడుముల కోసం శనివారం బంగాళాదుంపలు చెక్కు తీయాలి.
ఇర్మా అత్తను ఒప్పించాలి.
అన్నీ సెప్టెంబరు 19, సోమవారంలోపు.

బంగాళాదుంపల పని తప్ప మిగతావన్నీ ఒక్క పేరు కోసమే.

టీవీలో ఒకప్పుడు వచ్చి, తర్వాత ఎవరికీ పట్టకుండా పోయిన హాలోవీన్ పండగ కార్టూన్లను క్లీవ్‌లాండ్‌లో ఒక చిన్న కంపెనీ వెతికి, క్యాసెట్‌గా వేస్తోంది. అందులో మా ఊరిది ఒకటుంది. ‘దిష్టిబొమ్మకు సెలవు’, అరగంట కథ. మా ఊరి హెరాల్డ్ లండీ తీశాడు. 1974 నుంచి 1979 దాకా ఏటా అక్టోబరు చివరి శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు మా స్టేషన్‌లో వచ్చేది. ఏడాదికి ఒక్కసారే. ఆ సాయంత్రం జ్వరంతో పడుకుంటే మళ్ళీ ఏడాది ఆగాలి. నేను మంత్రగత్తె గౌను వేసుకుని, ప్లాస్టిక్ ముఖాన్ని నుదుటి మీదికి తోసుకుని, కార్పెట్ మీద కూర్చుని చూసేదాన్ని. కోతలు అయిపోయినా పొలంలో నిలబడే ఉంటుంది దిష్టిబొమ్మ. పని అయిపోయిందని దానికి ఎవరూ చెప్పరు, అందుకే నిద్రపోదు. చివరికి పిల్లలు లాంతర్లు పట్టుకుని వచ్చి, ఇక పడుకో అంటారు. పడుకుంటుంది. అంతే కథ. ఆ పడుకోవడం చూసి మా వీధిలో ఏడవని పిల్లలు లేరు. ఆ తర్వాత వచ్చే పేర్లు చూసినవాళ్ళూ లేరు.

లండీ పోయాక ఆయన కొడుకు గ్యారేజీలో ఫిల్ము దొరికింది. చివరి నిమిషం చెమ్మకు పాడైపోయింది. పేర్లు ఆ నిమిషంలోనే ఉన్నాయి. కథ, బొమ్మలు, రంగులు అన్నీ తన తండ్రి ఒక్కడే చేశాడని కొడుకు రాసిచ్చాడు. అట్ట మీద అలాగే అచ్చు వేస్తామని, ఇంకెవరైనా పనిచేసి ఉంటే తెరమీద పడిన పేర్లు ఆ సెప్టెంబరు 19లోపు రుజువుగా పంపాలని, ఉత్తరాలూ జ్ఞాపకాలూ చాలవని కంపెనీ ఆవిడ ఫోన్‌లో చాలా మర్యాదగా చెప్పింది. కౌంటీ లైబ్రరీలో పాత రికార్డుల బల్ల నాది కాబట్టి వాళ్ళ ఉత్తరం నా చేతికే వచ్చింది.

లండీ ఒక్కడే చేయలేదని నాకు తెలుసు. 1973లో నాకు ఆరేళ్ళు. ఇర్మా అత్త, అంటే మా నాన్న అక్క, వంటింట్లో బట్టల తాడుకు పల్చటి ప్లాస్టిక్ షీట్లు క్లిప్పులతో వేలాడుతుండేవి. ఒక్కో షీటు మీద ఒక్కో దిష్టిబొమ్మ, ఒక్కోదానిలో చెయ్యి కాస్త పైకి. ముట్టుకోబోతే అత్త నా వేలు పట్టుకుని ఆపింది. ఎవరికీ చెప్పకు అంది. నేను చెప్పలేదు. అత్త పింగాణీ ఫ్యాక్టరీలో పళ్ళేల అంచుకు బంగారు గీత గీసేది. పళ్ళేన్ని తిరిగే పీట మీద పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒకే చుట్టులో. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పని చేసింది. ఆమె పేరు ఏ పళ్ళెం వెనకా లేదు. కనీసం ఈ క్యాసెట్ అట్ట మీదైనా ఉండాలనుకున్నాను.

మా ఇంట్లో కాలేజీ చదివింది నేనొక్కదాన్నే. ఏ కాగితం వచ్చినా నాకే ఇచ్చేవారు. రుజువు దొరికితే న్యాయం దానంతటదే జరుగుతుందని అప్పట్లో నా నమ్మకం.

అత్తకు ఉత్తరం చూపిస్తే రెండుసార్లు చదివి, మడిచి, ఉప్పు డబ్బా కింద పెట్టింది.

“వదిలెయ్ రెనీ. ఆయన పోయాడు. ఆయన కొడుకు సంబరపడుతుంటే మనకేం?”

అది ఆమె మంచితనం అనుకున్నాను.

నాన్న దగ్గర క్యాసెట్ ఉందని నాకు గుర్తు. 1979లో చర్చి లాటరీలో మాకు వీసీఆర్ వచ్చింది, మా వీధిలో అదే మొదటిది. ఎప్పుడు అడిగినా చూద్దాంలే అన్నాడు తప్ప అటక ఎక్కలేదు. నేనే ఎక్కి తెచ్చాను. హాల్లో పెట్టి చూశాను. నాన్న తలుపు దగ్గర నిలబడి చూశాడు. మా ఊళ్ళో అప్పుడు రికార్డు చేసుకోవడమంటే ఒక పనితనం. ప్రకటన రాగానే బొత్తాం నొక్కి ఆపాలి, కథ మొదలవగానే మళ్ళీ వదలాలి. ఎవరి క్యాసెట్‌లో సబ్బుల ప్రకటన ముక్క మిగిలితే వాళ్ళను ఏడాదంతా ఏడిపించేవారు. నాన్న క్యాసెట్‌లో అతుకు ఎక్కడుందో కూడా తెలియదు. దిష్టిబొమ్మ పడుకుంది. వెంటనే తెరనిండా చీమల్లాంటి చుక్కలు.

“పేర్లెవరు చదువుతారు,” అని నాన్న నిచ్చెన తీసుకుని చూరు గొట్టాల్లో ఆకులు తీయడానికి వెళ్ళిపోయాడు.

నోటీసు చూసి ఆరుగురు క్యాసెట్లు తెచ్చారు. తెచ్చినవాళ్ళు ఊరికే ఇచ్చి పోలేదు, బల్ల దగ్గర నిలబడి కథంతా చెప్పారు. మంగలి షాపు ఆయన, కాకికి టోపీ ఉండేది కదా అన్నాడు. టోపీ లేదు. బస్సు నడిపే ఆవిడ, ఆ కార్టూన్ చూసిన ఏడాదే మా తమ్ముడు ఇంట్లోంచి వెళ్ళిపోయాడు అని, అక్కడితో ఆపేసింది. టీవీ స్టేషన్ వాళ్ళ దగ్గర అసలు టేపే లేదు, దాని మీద మరేదో రికార్డు చేసేశారు. ఆరు క్యాసెట్లూ మధ్యాహ్నం భోజనం మానేసి చూశాను. ఆరూ శుభ్రంగా ఉన్నాయి. ఆరూ దిష్టిబొమ్మ కళ్ళు మూయగానే ఆగిపోయాయి. మా ఊరివాళ్ళ పనితనం మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

గడువుకు అయిదు రోజులుండగా పాత పేపర్లో పట్టిక చూశాను. ఆరున్నరకు ‘దిష్టిబొమ్మకు సెలవు’. ఏడింటికి మా హైస్కూలు ఫుట్‌బాల్ ఆట, మైదానం నుంచి నేరుగా. నా వేలు అక్కడే ఆగిపోయింది. కార్టూన్ రికార్డు చేసినవాళ్ళు చివర ఆపేస్తారు. ఆట రికార్డు చేసేవాళ్ళు ముందే మొదలుపెడతారు.

ఆ ఆట ఎవరి దగ్గర ఉంటుందో మా ఊళ్ళో అందరికీ తెలుసు. చివరి నిమిషంలో బంతి పట్టుకుని గెలిపించింది డేల్ ప్రూయిట్. వాళ్ళ నాన్న డచ్ ప్రూయిట్ దాన్ని రికార్డు చేశాడు.

డచ్ మా నాన్నతో ఇరవై ఒక్క ఏళ్ళుగా మాట్లాడడు.

దానికి కారణం కూడా అందరికీ తెలుసు. 1973లో పింగాణీ ఫ్యాక్టరీ సమ్మె పదిహేను వారాలు సాగింది. వారానికొక పెట్టె ఇచ్చేది యూనియన్. పిండి, చీజ్, డబ్బా మాంసం, బంగాళాదుంపలు. సమ్మెలో ఉండి బయట పని చేసినవాళ్ళకు పెట్టె ఆపేయాలి, శుక్రవారం సమావేశంలో వాళ్ళ పేరు నిలబడి చదవాలి. అది నియమం. జాబితా మా నాన్న చేతిలో ఉండేది. డచ్ తన బావమరిది పెట్రోలు బంకులో కొన్ని శనివారాలు పనిచేశాడు. నాన్న అతని పేరు చదివాడు. ఆ రోజు తర్వాత డచ్ యూనియన్ హాలు గడప తొక్కలేదు.

నేను వెళ్ళేసరికి వరండాలో కూర్చుని మొక్కజొన్న పొత్తుల తొక్క తీస్తున్నాడు. కార్టూన్ చివరి పేర్లు కావాలని చెప్పాను, అత్త పేరు ఎత్తలేదు. విన్నాడు. క్యాసెట్ ఇవ్వమంటే ఇవ్వనన్నాడు. తన వీసీఆర్ పాడై నాలుగేళ్ళయిందట, చూసుకోక చాలా రోజులైందట.

“నేనే తెస్తాను. మీ ఇంట్లో పెట్టి చూద్దాం. ఆదివారం రెండింటికి.”

“మా నాన్నకు చెబుతాను, ప్రూయిట్ గారూ.”

“చెప్పు, చెప్పకపో. ఇల్లు తెలుసు నాకు.”

శనివారం అత్త ఇంటికి వెళ్ళాను. చేతుల నిండా బంగాళాదుంపల వాసన, మనసు నిండా సంతోషం. దొరికింది అత్తా అన్నాను. ఎవరి దగ్గరో చెప్పాను. అత్త పొయ్యి ఆపేసింది. కూర్చుంది. నన్నూ కూర్చోమంది.

ఆ మధ్యాహ్నం ఆమె చెప్పింది ఇది. సమ్మె మొదలైన నాలుగో వారం లండీ ఆమె తలుపు కొట్టాడు. ఒకే ఊపిరిలో సన్నటి గీత లాగగలిగేవాళ్ళు ఊళ్ళో బంగారు గీతల ఆడవాళ్ళే అని అతనికి తెలుసు. ఆమె డబ్బు కోసం ఒప్పుకోలేదు. ఆరు వారాలు గీయకపోతే చెయ్యి మరిచిపోతుందని భయం. ఆ తర్వాత దిష్టిబొమ్మ ఎలా నడవాలో, ఎలా కూర్చోవాలో కూడా తనే చెప్పడం మొదలుపెట్టింది. వారంవారం పెట్టె వస్తూనే ఉంది. ఇచ్చేది తమ్ముడు.

“నాన్నకు తెలియదు కదా?” అన్నాను.

“డచ్ పేరు చదివిన రోజు సాయంత్రం మీ నాన్న నా పెట్టె మోసుకొచ్చాడు. నా గోళ్ళ కింద నారింజ రంగు చూశాడు. చాలాసేపు చూశాడు. పెట్టె బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట రాలేదు.”

తెరమీద ఏ పేరు వేయాలని లండీ అడిగితే ఆమె తన పేరు చెప్పలేదు. ఇదెప్పుడు గీశావని ఊరు అడిగితే ఏం చెబుతుంది. అందుకని మా అమ్మ పాలీన్ పేరు ఇచ్చింది. మా అమ్మ బడి వంటశాలలో పనిచేసేది, ఫ్యాక్టరీ మనిషి కాదు. అడిగితే అమ్మ నవ్వి సరేనందట. అత్త ఇది చెప్పేనాటికి అమ్మ పోయి అయిదేళ్ళు.

“రేపు డచ్ ఆ పేరు చూస్తాడు,” అంది అత్త. “పాలీన్ బొమ్మలు గీసిందంటే నమ్మేవాడు కాదు. నా చేతులు తెలిసినవాడు.”

రావద్దని చెబుతానన్నాను. అత్త వద్దంది. రావద్దంటే ఎందుకని అడుగుతాడు, ఇంకా ఘోరం అంది. నేను ఇంటికి నడిచి వెళ్తూ, ఈ మూడు వారాలు నేను చేసిన ప్రతి పనీ గుర్తు చేసుకున్నాను. నోటీసు, ఫోన్లు, పేపర్లు. అన్నీ సక్రమంగా చేశాను. ఒక్కసారి కూడా, ఎందుకు వద్దంటున్నావు అత్తా, అని అడగలేదు.

ఆ సాయంత్రం నాన్నతో డచ్ వస్తున్నాడని మాత్రం చెప్పాను. నాన్న పేపరు మడిచాడు. ఏ క్యాసెట్ అని అడిగాడు. ఆట అన్నాను. ఎన్నింటికి మొదలైన ఆట అన్నాడు. ఏడింటికి అన్నాను. నిద్రపోయే ముందు రెండుసార్లు మంచినీళ్ళకు లేచాడు.

ఆదివారం రెండింటికి అయిదు నిమిషాల ముందే అత్త వచ్చి, తలుపుకు ఎదురుగా ఉన్న చెక్క కుర్చీలో కూర్చుంది. చర్చికి వేసుకున్న గౌను మార్చుకోలేదు. డచ్ క్యాసెట్‌ను రొట్టె సంచిలో చుట్టుకుని తెచ్చాడు. తలుపు నాన్నే తీశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“కాళ్ళు తుడుచుకో,” అన్నాడు నాన్న.

డచ్ తుడుచుకున్నాడు. అవసరానికి మించి తుడుచుకున్నాడు. కాఫీ ఇస్తే తీసుకుని తాగకుండా పట్టుకున్నాడు. నేను క్యాసెట్ లోపలికి తోశాను.

మొదట చారలు. తర్వాత పొలం. పిల్లలు, లాంతర్లు. ఇక పడుకో అంటున్నారు. దిష్టిబొమ్మ మోకాళ్ళు వంచి, చేతులు ఒక్కొక్కటిగా దించి, నేలమీదికి ఒరిగింది. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. తయారీ, కథ: హెరాల్డ్ లండీ. బొమ్మలు, రంగులు: పాలీన్ హుడాక్. రెండు సెకన్లు ఉన్నాయేమో. తర్వాత బ్యాండు మేళం, మైదానం, వెలుతురు.

“పాలీన్?” అన్నాడు డచ్.

తెరమీద కుర్రాళ్ళు పరుగెత్తుతున్నారు.

“పాలీన్ బడి వంటింట్లో కదా,” అన్నాడు మళ్ళీ, నెమ్మదిగా, తనకు తనే లెక్క సరిచూసుకుంటున్నట్టు. అతని చూపు టీవీ మీంచి అత్త ఒళ్ళోకి వెళ్ళింది. అత్త చేతులు దాచుకోలేదు.

“నేను గీశాను డచ్. సమ్మెలో పదకొండు వారాలు. తర్వాత ఆదివారాలు.”

“పెట్టె?”

“వచ్చేది.”

నాన్న నిలబడే ఉన్నాడు. “నేనే మోసుకెళ్ళి ఇచ్చాను,” అన్నాడు. “తెలిసే ఇచ్చాను.”

డచ్ కాఫీ కప్పు కిందపెట్టాడు. అతను లేస్తాడనుకున్నాను. ఏదైనా విసురుతాడేమో అని కూడా అనుకున్నాను. అతను మా ఎవరి వంకా చూడకుండా టీవీకేసి తిరిగాడు.

“నేను నాలుగు శనివారాలు పెట్రోలు కొట్టాను స్టీవ్. ఏడు వారాలు పెట్టె రాలేదు. మా ఆవిడ పేదల తిండి కూపన్ల కోసం వరుసలో నిలబడింది.”

“అవును.”

“అవునంటే చాలదురా.”

“చాలదు,” అన్నాడు నాన్న.

ఆపేయాలేమోనని నేను లేచి బొత్తాం దగ్గరికి వెళ్ళాను.

“ఆపకు అమ్మాయ్,” అన్నాడు డచ్. “చివర్లో మావాడి బంతి వస్తుంది.”

నలుగురం కూర్చున్నాం. గంటన్నర పైనే. నాన్న నా పక్కన సోఫా చివర కూర్చున్నాడు. ఆటలో ఎవరు గెలుస్తారో నలుగురికీ తెలుసు. డేల్ బంతి పట్టుకున్నప్పుడు డచ్ ముక్కు చీదుకున్నాడు. లేచి టోపీ పెట్టుకున్నాడు. క్యాసెట్ రేపు పంపాలి కదా, పంపు, ఆట ముక్క మాత్రం పాడుచేయనివ్వకు అని నాతో చెప్పి వెళ్ళిపోయాడు. నాన్నతో ఏమీ అనలేదు.

అతను వెళ్ళాక ఆ పేరు అలాగే పంపేయమంది అత్త. హుడాక్ అనైతే ఉంది కదా, చాలు అంది. నాన్న తల అడ్డంగా ఊపాడు. ఉన్నదున్నట్టు ఉత్తరం రాసి క్యాసెట్‌తో పంపమన్నాడు. ఎవరు గీశారు, ఏ పేరు ఎందుకు వేశారు, పెట్టె ఎవరిచ్చారు, అన్నీ.

“నా పేరూ రాయి,” అన్నాడు.

అత్త కాసేపు అతనికేసి చూసి, “అక్షరాలు గుండ్రంగా రాయి రెనీ, వాళ్ళకు చదవడానికి వీలుగా,” అంది. ఉత్తరం నేను రాశాను. అత్త సంతకం చేసింది.

అక్టోబరు మొదటి శుక్రవారం పాత కార్మికుల సమావేశం. ఆ మధ్యాహ్నం నాన్న రెండోసారి గడ్డం గీసుకున్నాడు. టై కట్టుకుని వెళ్ళాడు. మామూలుగా అయిదింటికి వచ్చే మనిషి నాలుగింటికే వచ్చాడు. అక్కడ ఏం చెప్పాడో నాకు చెప్పలేదు. నేను విన్నది ఊళ్ళోనే విన్నాను. లేచి నిలబడి, పాత పద్ధతిలోనే, పేరు, పని, తేదీ చదివాడట. ఇర్మా హుడాక్. తర్వాత తన పేరు. ఆ తర్వాతి వారం సరుకుల దుకాణంలో అత్తను చూసి ఒకావిడ బండి పక్క వరుసలోకి తిప్పుకుంది. ఇంకొకావిడ దగ్గరికొచ్చి అత్త కుడిచెయ్యి అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. డచ్ హాలుకు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. మా నాన్న వీధిలో కనిపిస్తే మాత్రం పలకరింపుగా గడ్డం కాస్త ఎత్తేవాడు.

కంపెనీ ఆవిడ ఫోన్ చేసింది. క్యాసెట్ అద్భుతం అంది. చివరి నిమిషం దాన్నుంచే అతికించామంది. మీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరూ కదిలిపోయారంది. కానీ తెరమీద ఏ పేరుందో ఆ పేరే వేయగలం, ఉత్తరాన్ని బట్టి మార్చలేం, మీకు ముందే చెప్పాను కదా అంది. చెప్పింది. రుజువు అడిగారు, రుజువే ఇచ్చాను. ఆ తర్వాత కూడా నేను తొమ్మిది ఉత్తరాలు రాశాను. జవాబులు మర్యాదగానే వచ్చేవి.

క్యాసెట్ అక్టోబరు మూడో వారంలో వచ్చింది. అట్ట మీద లండీ పేరు పెద్దగా, కింద చిన్నగా పాలీన్ హుడాక్. అత్త మా ఇంట్లో ఒక్కసారి చూసింది, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, తెరకు మూరెడు దూరంలో. అయిపోయాక ఒక్క మాటే అంది. దిష్టిబొమ్మ లేవబోయే చోట ఎడమ భుజం గీత వణికింది, ఆ రోజు ఎవరో తలుపు కొట్టారు అని.

ఇర్మా అత్త 2003 మార్చిలో పోయింది. ఆ కార్టూన్ కోసం ఇప్పటికీ కొందరు వెతుకుతుంటారు. చిన్నప్పుడు ఒకసారి చూశాం, పేరు గుర్తులేదు, పడుకునే దిష్టిబొమ్మ ఒకటుండేది అంటూ లైబ్రరీకి రాస్తుంటారు. వాళ్ళకు పేరు చెబుతాను, ఎక్కడ దొరుకుతుందో చెబుతాను. మీకూ ఎప్పుడైనా దొరికితే చివరిదాకా చూడండి. నల్లటి తెరమీద పాలీన్ హుడాక్ అని వస్తుంది. ఆవిడ మా అమ్మ. చాలా మంచిది, క్యాబేజీ నూడుల్స్ బాగా చేసేది, జీవితంలో కుంచె పట్టుకోలేదు. ఆ పేరు ఉన్న రెండు సెకన్లూ, దయచేసి, ఇర్మా హుడాక్‌ను తలుచుకోండి.